రైలుకి లేని సరిహద్దు

సూళ్లూరుపేట నుంచి చెన్నైకి లోకల్ రైలు ఉంది. అక్కంపేట, తడ దాటితే ఆరంబాక్కం. స్టేషన్ బోర్డు మీద తమిళం రావడం తప్పిస్తే రాష్ట్రం మారిన ఆనవాలేదీ కనిపించదు. పెట్టెలో చేపల గంపలు, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగి కునికిపాట్లు పడుతున్న కుర్రాళ్ళు, చెంగాళమ్మ గుడికి వచ్చి తిరిగివెళ్తున్న కుటుంబాలు. సగం వాక్యం తెలుగులో మొదలై తమిళంలో ముగుస్తుంది, ఎవరూ పట్టించుకోరు. ఆ పట్టాలకి తూర్పున కొన్ని మైళ్ళ దూరంలో పులికాట్ సరస్సు కూడా అదే దిక్కుకి సాగుతుంది. మన వైపు భీములవారిపాళెంలో పడవెక్కి, దక్షిణపు కొసన తమిళనాడులోని పళవేర్కాడులో దిగాలని నా కోరిక. ఎవర్ని అడిగినా నవ్వారు. అలాంటి పడవ లేదు. రైలుకి లేని సరిహద్దు పడవకి ఎందుకుందో చూద్దామని ఒడ్డు వెంబడే బయల్దేరాను.

చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రలో ఉంది, తోక తమిళనాడులో ఉంది. కాళంగి మన వైపు నుంచి, ఆరణి అటు నుంచి మంచినీళ్ళు తెస్తాయి. సముద్రపు నీరు ముఖద్వారాల్లోంచి వస్తుంది: పళవేర్కాడు దగ్గర ఒకటి, మన వైపు రాయదొరువు, కొండూరుపాళెం దగ్గర. సరస్సుకీ సముద్రానికీ మధ్య అడ్డుగా శ్రీహరికోట. మన పాతవాళ్ళు ఈ నీటిని ప్రళయకావేరి అన్నారు. స.వెం. రమేశ్ రాసిన 'ప్రళయకావేరి కథలు' చదివినవాళ్ళకి ఇక్కడి దీవుల పేర్లు, తిండి, మాటతీరు ముందే పరిచయం. చదవనివాళ్ళు చదివి వస్తే ప్రయాణం రెండింతలవుతుంది.

ముందు నేలపట్టు వెళ్ళాలి. దొరవారిసత్రం దగ్గర చిన్న ఊరు, ఊరికి ఒక చెరువు, చెరువులో నడుంలోతు నీళ్ళలో నిలబడ్డ నీటి కడప చెట్లు. శీతాకాలంలో ఆ చెట్లకి ఆకులకంటే గూడబాతులే ఎక్కువ కనిపిస్తాయి. నత్తగుల్ల కొంగలు, కంకణాలు, నీటికాకులు కూడా ఇక్కడే గూళ్ళు కడతాయి. టవరెక్కి చూస్తుంటే మొదట చెవులు అలవాటు పడాలి, తర్వాత ముక్కు. పిల్ల గూడబాతు తల్లి నోటి సంచిలోకి మెడదాకా తల దూర్చి, లోపల కుమ్ములాడి, చేపతో బయటికొస్తుంది. తల్లి ఆ కుదుపుకి కొమ్మ మీద తూలి, రెక్కలు సగం విప్పి నిలదొక్కుకుంటుంది. ఆ వెంటనే పక్క గూట్లో మరో పిల్ల మొదలెడుతుంది.

1976 నుంచి ఇది సర్కారు లెక్కలో అభయారణ్యం. ఊరివాళ్ళు పక్షుల్ని కాచుకోవడం అంతకంటే పాతది. రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి పారితే ఎరువు కొనే పని తగ్గుతుందని ఇక్కడి రైతు ఎప్పుడో గ్రహించాడు. పర్యావరణం మీద ఎవరూ పాఠం చెప్పక్కర్లేకుండానే పక్షి, పంట ఒక లెక్కలో కుదిరాయి. అయితే ఆ లెక్కలో ఇంకో ఊరుంది. ఈ గూడబాతులు పిల్లలకి పెట్టే చేపలో ఎక్కువ భాగం నేలపట్టు చెరువుది కాదు, పులికాట్‌ది. పొద్దున్నే ఆ వైపు ఎగిరివెళ్ళి, గొంతు సంచి నింపుకుని తిరిగొస్తాయి. గూడు ఇచ్చే ఊరు ఒకటి, తిండి పెట్టే ఊరు మరొకటి. చూడటానికి వచ్చినవాళ్ళ డబ్బు మాత్రం టికెట్టు కొట్టిన చోటే ఆగుతుంది.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి వెళ్ళే రోడ్డు సరస్సుని అడ్డంగా కోస్తూ వేసింది. 1971 అక్టోబర్‌లో మొదటి రాకెట్ ఎగిరిన నాటికే ఈ నీటి మీద రాకపోకల తీరు మారిపోయింది. రోడ్డు పుణ్యమా అని, బస్సు కిటికీలోంచే ఫ్లెమింగోల్ని చూడొచ్చు. అటకానితిప్ప దగ్గర దిగి కాసేపు నిలబడితే ఇంకా మంచిది. దూరంగా బురదలో తెల్లటి గీతలా ఉన్నది కాస్త కళ్ళు నిలిపాక కాళ్ళుగా, మెడలుగా విడిపోతుంది. ముక్కుని తలకిందులుగా నీళ్ళలో పెట్టి, మెడని అటూ ఇటూ ఊపుతూ బురదని వడగడతాయి. లారీ హారన్ కొడితే మందలో ఒక అంచు లేస్తుంది, రెక్కల కింద దాచుకున్న ఎరుపు, నలుపు ఒక్కసారి బయటపడి మళ్ళీ మూసుకుపోతాయి. ఇదే రోడ్డు గురించి జాలర్ని అడిగితే పక్షుల మాట ఎత్తడు, తూముల మాట ఎత్తుతాడు. కట్టకి తూములు చాలవనీ, ఉత్తరపు నీళ్ళు ఉత్తరాన, దక్షిణపు నీళ్ళు దక్షిణాన ఆగిపోయాయనీ అంటాడు.

జనవరిలో ఇక్కడ ఫ్లెమింగో పండగ జరుగుతుంది. కొన్నేళ్ళు ఆగిపోయి 2025లో మళ్ళీ మొదలైంది. సూళ్లూరుపేటలో వేదిక, స్టాళ్ళు, సాయంత్రం సినిమా పాటలు, నేలపట్టుకీ భీములవారిపాళెంకీ బస్సులు. నాకు పండగ మీద కోపం లేదు. మనవాళ్ళు పక్షిని చూడటానికి పిల్లల్ని వెంటబెట్టుకుని రావడం చిన్న సంగతి కాదు. కానీ పక్షులకి సరిహద్దులు లేవని మైకులో చెప్పేవాళ్ళు, ఆ సరస్సు రెండో కొసన ఉన్న ఊళ్ళనీ అక్కడి జాలర్లనీ వేదిక మీదికి పిలిస్తే ఆ మాటకి బరువుండేది. రాకెట్ ప్రయోగం రోజు కూడా అంతే. 2019లో శ్రీహరికోటలో జనం కూర్చుని చూసే గ్యాలరీ తెరిచాక బస్సులకి బస్సులు వస్తాయి. సరస్సు మీదుగానే వెళ్తాయి, సరస్సు మీదుగానే తిరిగొస్తాయి. మధ్యలో ఆగే పని ఎవరికీ పడదు.

భీములవారిపాళెం తడకి దగ్గర. పడవల రేవు, పర్యాటక శాఖ బోటింగు, వేయించిన రొయ్యల బండ్లు. నేను విహారపు పడవ కాకుండా ఇరకం దీవికి వెళ్ళే పడవెక్కాను. ఆ దీవి మనుషులకి ఇప్పటికీ పడవే దారి. బియ్యం బస్తా, గ్యాస్ సిలిండరు, బడి సంచులు, పురిటికి పుట్టింటికి వెళ్తున్న అమ్మాయి, అన్నీ ఒకే పడవలో. పడవాయన నా కెమెరా వంక చూసి, "యాడనించి వస్తుండారు సామీ? కొంగల కోసమా?" అన్నాడు. కొంగలతో పాటు మనుషుల కోసం కూడా అన్నాను. "మనుషుల్ని చూసేదానికి ఎవురూ రారబ్బా" అని ఇంజను తాడు లాగాడు.

దారిలో అడగ్గా అడగ్గా చెప్పాడు. పక్షులొచ్చే నాలుగు నెలలూ వేట బాగుండే నెలలే. విహారం కోసం వచ్చినవాళ్ళని ఎక్కించుకుంటే ఆ పూట వల మానుకోవాలి. నెలకి ఒకటి రెండు బేరాలొచ్చేదానికి వల మానుకోలేడు. రోజూ వస్తాయన్న ధీమా ఉంటే మానుకుంటాడు. "జనం మదరాసు కాడ ఉండారు, కొంగలు ఈడ ఉండాయి" అన్నాడు. ఈ ప్రాంతపు పర్యాటకం మీద అంతకంటే సూటిగా మాట్లాడినవాళ్ళు నాకు తగల్లేదు. మన వైపు పక్షులు, పడవలు, దీవులు ఉన్నాయి, వారాంతపు జనం లేరు. అటు చెన్నై జనం వెల్లువలా వస్తారు, కోట శిథిలాలు, సమాధులు, పీతల కూర ఉన్నాయి, పడవ మాత్రం లేదు. ఎందుకు లేదో పళవేర్కాడు వెళ్తే తెలుస్తుంది.

ఈ నీళ్ళ మీద రాకపోకలు కొత్త ఊహేమీ కాదు. బకింగ్‌హాం కాలువ ఈ సరస్సు గుండానే పోతుంది. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళలో మద్రాసు దగ్గర మొదలైన తవ్వకం, 1877-78 కరువు పనులతో సాగి, అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు తగిలించుకుంది. శ్రీహరికోట అడవి కట్టెలు, సున్నానికి గుల్ల, ఉప్పు, తెరచాప పడవల్లో మద్రాసు చేరేవి. పట్నంలో పొయ్యి వెలగాలంటే ఈ దీవి కట్టె కావాలి, దీవిలో బియ్యం ఉడకాలంటే పట్నం పడవ రావాలి. తర్వాత రైలు, లారీ వచ్చాయి, కాలువ పూడింది. రాష్ట్రాలు వేరయ్యాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు వెళ్ళి, పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాల ఊళ్ళు కొన్ని ఇటు వచ్చాక భూమి మీద గీత స్థిరపడింది. నీళ్ళ మీద గీత ఎక్కడుందో ఇప్పటికీ జాలర్లు వాదించుకుంటూనే ఉన్నారు.

వాదన మాటలతో ఆగని రోజులూ ఉన్నాయి. మా నీళ్ళలోకి వచ్చి వల వేశారని పడవలు పట్టుకోవడం, వలలు కోసెయ్యడం, కొట్టుకోవడం, రెండు వైపులా జరిగాయి. రెండు జిల్లాల అధికారులు కూర్చుని సర్దిచెప్పిన సందర్భాలూ ఉన్నాయి. ఎవరి తప్పో తేల్చడం బాటసారి పని కాదు గానీ, గొడవ వెనక కారణం ఒడ్డు మీద నిలబడితేనే కనిపిస్తుంది. ముఖద్వారాలు ఇసుకతో పూడుతున్నాయి. సముద్రపు పోటు లోపలికి రాకపోతే రొయ్య పిల్ల రాదు, చేప రాదు. ఎండాకాలం ఉత్తరపు భాగంలో నీళ్ళింకి, ఉప్పు పేరుకున్న నేల మీద మోటారు సైకిళ్ళు తిరుగుతాయి. చేప ఉన్న చోటికి పడవ పోతుంది, అక్కడ ఇంకొకడి పడవ ఉంటుంది. అంచేత ఈ సరస్సు మీద రెండు రాష్ట్రాలు కలిసి ఏం చెయ్యాలన్నా మొదటి పని హోటలు కట్టడం కాదు, ముఖద్వారం తెరిచి ఉంచడం. పళవేర్కాడు ముఖద్వారం పూడకుండా తమిళనాడు రాతి కట్టల పని చేపట్టింది. మన వైపు పూడికతీత మాట చాలా ఏళ్ళుగా నలుగుతోంది. ఎవరి ముఖద్వారం వాళ్ళు తెరుచుకుంటే సరిపోదు. ఒక ద్వారంలోంచి వచ్చిన నీరు ఎంతదాకా పోతుందో కలిసి లెక్కగట్టాలి.

అలా లెక్కగట్టిన సరస్సు మన పొరుగునే ఉంది. చిలికాకి ఒడిశా ప్రభుత్వం 1991లో ప్రత్యేక సంస్థని పెట్టింది, 2000లో సముద్రానికి కొత్త ద్వారం తవ్వింది. చేపలు తిరిగొచ్చాయి. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ పట్టికలోంచి 2002లో చిలికా పేరు తీసేశారు. ఆ ఒడ్డున మంగళాజోడి అనే ఊరు చూశాను. ఒకప్పుడు అక్కడ వలసపక్షుల్ని వేటాడి అమ్మేవారు. ఆ వేటగాళ్ళే పక్షుల కాపలా సంఘం పెట్టుకుని ఇప్పుడు పడవ నడుపుతూ పక్షుల్ని చూపిస్తున్నారు. ఇంజను లేదు, వెదురు గడతో తోస్తారు. ఏ పిట్ట ఏ మలుపులో ఉంటుందో వేటగాడికి తెలిసినంత అటవీ శాఖకి కూడా తెలియదు. ఇదంతా విని పులికాట్‌కీ అలాగే చెయ్యొచ్చు కదా అంటారు. చెయ్యొచ్చు. కానీ చిలికా మొత్తం ఒకే రాష్ట్రంలో ఉంది, ఒకే సంస్థ చేతిలో ఉంది. పులికాట్‌కి రెండు అటవీ శాఖలు, రెండు మత్స్య శాఖలు, రెండు పర్యాటక శాఖలు ఉన్నాయి. పై నుంచి చిలికా నమూనా తెచ్చి పరిచేస్తే కుదరదు. కింద జాలరి ఊళ్ళ మధ్య ఏం కుదురుతుందో అక్కణ్ణుంచే మొదలెట్టాలి.

తడలో మళ్ళీ లోకల్ ఎక్కి పొన్నేరిలో దిగి, టౌన్ బస్సులో పళవేర్కాడు చేరాను. ఊరు మొదట్లోనే చేపల మార్కెట్టు, కాస్త లోపలికి డచ్చివాళ్ళ శ్మశానం. గేటుకి అటూ ఇటూ రాతి అస్థిపంజరాలు కాపలా. లోపల పెద్ద పెద్ద బండలు, వాటి మీద ఓడలు, కవచాలు, డచ్చి అక్షరాలు, అంత సన్నని చెక్కుడు పని. 1613లో కట్టిన గెల్డ్రియా కోట ఇప్పుడు ముళ్ళపొదల కింద మట్టి దిబ్బ. చాలాకాలం కోరమండల్ తీరంలో డచ్చి వర్తకానికి ఇదే ముఖ్య స్థావరం, 1690లో అది నాగపట్నం తరలిపోయింది. ఇంగ్లీషులో పులికాట్ అనే ఈ ఊరి బట్టలు ఆ రోజుల్లో సముద్రాలు దాటాయి. ఊళ్ళో ముస్లిం ఆడవాళ్ళు ఇప్పటికీ తాటాకుతో పెట్టెలు, బుట్టలు అల్లుతారు. రంగు వేసిన సన్నని ఈనెని పళ్ళతో చీల్చి, మూత గట్టిగా పట్టేలా అల్లే ఒకావిడ పక్కన కాసేపు కూర్చున్నాను. చూపు నా మీద, వేళ్ళు పని మీద. మూత తీస్తే చిన్న చప్పుడైంది, ఆవిడ మొహంలో అప్పుడు గర్వం కనిపించింది.

ఇక పడవ సంగతి. 2011 క్రిస్మస్ రోజున ఇక్కడ విహారానికి వచ్చినవాళ్ళ పడవ తిరగబడి 22 మంది చనిపోయారు. ఆ తర్వాత విహార పడవల్ని నిషేధించారు. నిషేధం ఎందుకు పెట్టారో ఎవరికైనా అర్థమవుతుంది. అన్నేళ్ళయినా దాని స్థానంలో ఒక పద్ధతి ఎందుకు రాలేదో మాత్రం నాకు అర్థం కాలేదు. ఎవరూ చూడనప్పుడు రేవులో ఎవరో ఒకరు వచ్చి చెవిలో ధర చెబుతారు. లైఫ్ జాకెట్ ఉందా అంటే చెయ్యి ఊపుతారు. నిషేధం ప్రమాదాన్ని ఆపలేదు, చాటుకి నెట్టింది. అక్కడికి పడవలో కొంత దూరంలోనే, ఇదే సరస్సు మీద, మన వైపు జాకెట్లు ఇచ్చి టికెట్ కొట్టి తిప్పుతున్నారు. ఒకే నీటికి రెండు న్యాయాలు.

పళవేర్కాడు జాలర్లకి 'పాడు' అనే కట్టుబాటు ఉంది. సరస్సులో మంచి చోట్లు ఎవడికి పడితే వాడికి కావు. హక్కున్న కుటుంబాలు వంతుల వారీగా దిగుతాయి. ఇవాళ నీ వంతు, రేపు వాడి వంతు. ఎవరెక్కడ వల కట్టాలో ఊరు కూర్చుని తేలుస్తుంది, తప్పితే జరిమానా. మన నెల్లూరు తీరంలో 'దురాయి' వేస్తారే, అలాంటి ఊరి శాసనమే. ఈ కట్టుబాటుకి బయట మిగిలిపోయినవాళ్ళూ ఉన్నారని మర్చిపోకూడదు. అటు ఇరుళర్లు, ఇటు యానాదులు. ఇరుళ ఆడవాళ్ళు మోకాళ్ళ లోతు నీళ్ళలో పాకుతూ, తాటాకు బుట్టని పళ్ళతో కరిచి పట్టుకుని, రెండు చేతులతో బురద తడిమి రొయ్యల్ని ఏరుతారు. వల లేదు, పడవ లేదు. రోజంతా వంగి ఉన్న నడుము సాయంత్రానికి నిటారు కాదు. పర్యాటకుడి ఫోటోకి వాళ్ళు పనికొస్తారు. పర్యాటకుడి డబ్బు వాళ్ళ దాకా రావడానికి ఏ దారీ లేదు.

నాకు తోచినది చెబుతాను. పడవ విహారాన్ని కూడా పాడు కిందికే తేవాలి. భీములవారిపాళెంలోనూ పళవేర్కాడులోనూ పడవలకి వంతులు, ఒకే ధర, ఒకే రకం జాకెట్, ఇంత మందికి మించి ఎక్కించకూడదనే ఒకే నిబంధన, రెండు జిల్లాలూ ఒప్పుకున్న ఒకే పరవానా. గూళ్ళు కట్టే నెలల్లో, మందలు దిగే బురదల దగ్గర ఇంజను ఆపి గడతో తొయ్యాలి. పడవలో దారి చూపే పని పడవ లేని యానాదులకీ ఇరుళర్లకీ ఇవ్వాలి. పాడులో వాళ్ళకి చోటు లేకపోయినా కొత్తగా వచ్చే ఈ రాబడిలోనైనా చోటు పెట్టొచ్చు. ఈ సంగతి పళవేర్కాడు దగ్గర ఒక కుప్పంలో, అంటే జాలరిపేటలో, ఒక పెద్దాయన ముందు పెడితే, ఆంధ్రావాళ్ళ పడవ మా రేవులోకొస్తే మావాళ్ళ బేరం పోదా అని వెంటనే అడిగాడు. న్యాయమైన ప్రశ్న. మీ పడవ అటు వెళ్ళినప్పుడు మీకూ వస్తుంది కదా అంటే, "మునుపు చేపల తకరారు తీర్చండి, అప్పుడు చూద్దాం" అన్నాడు. దక్షిణాన ఉన్న కాట్టుపల్లి ఓడరేవు విస్తరిస్తే రేవే ఉండదేమోనన్న భయం ఆయనకి మరొకటి. పర్యాటకం ఆయన చింతల వరసలో ఎక్కడో చివర ఉంది, ఉండాల్సిందీ అక్కడే.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. పండగ రోజుల్లోనూ కనుమ నాడూ వెళ్ళకండి, జనం తప్ప ఏమీ కనపడదు. నేలపట్టుకి పొద్దున్నే చేరండి. భీములవారిపాళెంలో జాకెట్ వేసుకోకుండా పడవెక్కకండి, పళవేర్కాడులో చెవిలో ధర చెప్పేవాళ్ళకి వద్దని చెప్పండి. తాటాకు పెట్టె కొంటే బేరమాడకండి. పళవేర్కాడు నుంచి పొన్నేరికి ఆఖరి బస్సు ఎప్పుడో దిగగానే కనుక్కోండి, దొరికితే ముందు సీట్లో కూర్చోండి. వెనక పీతల గంపలుంటాయి, వాటి మూతలు తాటాకు పెట్టెల మూతలంత గట్టివి కావు.